ఒక్క అడ్రసుకు ఎనిమిది

పదివేల మంది ఒకేసారి తలుపు తట్టినా తొణక్కుండా నిలబడే సర్వర్‌ను నేను ఒక్కణ్నే, అశోక్‌నగర్‌లోని నా గదిలో కూర్చుని రాశాను. చిక్కడపల్లి లైబ్రరీ ముందు టీ తాగే కుర్రాళ్లలో ఎవర్నడిగినా చెబుతారు.

దయచేసి ఎవర్నీ అడక్కండి. పదివేలు కాదు, పన్నెండు వందలు. తొణక్కుండానూ కాదు. అంకెలు పెంచి చెప్పడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పెంచిన దాన్ని మళ్లీ నేనే దించకపోతే తిన్నది అరగదు, అది ఈమధ్య వచ్చిన అలవాటు. కాబట్టి ఇందులో ఎక్కడైనా నేను మరీ గొప్పవాడిగా కనిపిస్తే రెండు వాక్యాలు ఓపిక పట్టండి.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను ఒక ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేశాను. దేశానికి నెట్‌వర్క్ వేసింది మేమేనని బంధువుల పెళ్లిళ్లలో చెప్పేవాణ్ని. వేసింది జీతాల పట్టీలు, అవీ వెడల్పు కాగితం మీద. సర్వర్ ప్రోగ్రామింగ్ రిటైరయ్యాకే నేర్చుకున్నాను, కాలక్షేపానికి. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన రెండో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్ ఉంది. అది నడిపేవాడు తనే ఆరేళ్లు గ్రూప్స్ రాసి, ఉద్యోగం రాక, ఆ చదివిందంతా పదిమందికి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక ఉదయం ఇడ్లీ బండి దగ్గర నిలబడి, నమూనా పరీక్షలు ఆన్‌లైన్‌లో పెడదామనుకుంటున్నానని నాతో అన్నాడు.

"కంపెనీవాళ్లను అడిగితే ఆర్నెల్లు పడతది అంటున్నరు సార్."

"ఆర్నెల్లా? నాకు ఆరు వారాలు చాలు."

"ఒక్కసారే ఎంతమంది కూసున్నా ఏం కాదు కదా?"

"ఊరంతా కూర్చోమనండి," అన్నాను.

ఆరు వారాలు నాలుగు నెలలయ్యాయి. ఊరంతా కూర్చోలేదు గానీ, మొదటి ఆదివారం కూర్చున్నవాళ్లకే నా సర్వర్ చేతులెత్తేసింది.

ఎందుకు ఎత్తేసిందో చెప్పాలి, ఎందుకంటే అసలు కథకు అదే మెట్టు. పరీక్ష రాస్తున్నంతసేపూ రాసేవాళ్ల ఫోనుకూ నా సర్వర్‌కూ మధ్య ఒక లైను తెగకుండా ఉండాలి. గడియారం దాని మీదే నడుస్తుంది, జవాబులు దాని మీదే వస్తాయి. ఆ లైనునే కనెక్షన్ అంటాం. వచ్చిన ప్రతి కనెక్షన్‌కూ యంత్రం ఒక నంబరు ఇస్తుంది. మనం ప్రత్యేకంగా అడగకపోతే నా యంత్రం ఒక ప్రోగ్రాముకు వెయ్యి ఇరవై నాలుగు నంబర్లకు మించి ఇవ్వదు. నేను అడగలేదు. ఇంట్లో నలభై కనెక్షన్లతో పరీక్షించి చూసుకుని, నలభైకి నిలిచింది నాలుగు వేలకూ నిలుస్తుందిలే అనుకున్నాను. నంబర్లు అయిపోయాక నా ప్రోగ్రాము ఏం చేయాలో కూడా రాయలేదు. అది తలుపు తీయబోవడం, ఇవ్వడానికి నంబరు లేక ఆగిపోవడం, మళ్లీ తీయబోవడం, ఇదే పని క్షణానికి వేలసార్లు చేస్తూ లోపల బుద్ధిగా రాసుకుంటున్నవాళ్లను కూడా మరచిపోయింది.

ఆ పరిమితి సంగతి స్నానం చేస్తుండగా తట్టిందని సెంటర్ యజమానికి చెప్పాను. నిజానికి ఇంటర్నెట్‌లో ఎవరో అడిగిన ప్రశ్న కింద ఇంకెవరో రాసిన జవాబు చదివాను.

పరిమితి పెంచాను. ఎంతైనా పెంచవచ్చు గానీ యంత్రంలో జ్ఞాపకశక్తి అంత ఉండాలి కదా, ఒక హద్దు దగ్గర ఆగాను. అప్పుడే ఇంకో సంగతి కనిపించింది. కొందరు ఒక్కరే మూడు ఫోన్ల మీద వస్తున్నారు. ఒకదాని మీద రాయడం, ఒకదాని మీద ముందు ప్రశ్నలు చూసుకోవడం, మూడోది ఎందుకో దేవుడికే తెలియాలి. ఇలా ఒక్కొక్కరు మూడేసి చోట్లు తింటే మిగతావాళ్లు ఎక్కడ కూర్చుంటారు? అందుకని ఒక నియమం పెట్టాను. ప్రతి కనెక్షన్ ఏదో ఒక నెట్ అడ్రసు నుంచి వస్తుంది. ఒక్క అడ్రసు నుంచి ఒకేసారి ఎనిమిది కనెక్షన్లే. తొమ్మిదోది వస్తే మాట్లాడకుండా తలుపు వేసెయ్యడమే.

ఎనిమిదే ఎందుకని యజమాని అడిగాడు. పెద్ద లెక్క వేశానన్నాను. లెక్కేమీ లేదు. నారాయణగూడలో నేను పెరిగిన కిరాయి పోర్షన్‌లో రెండు గదులు, ఒక కుళాయి, ఎనిమిది మందిమి. అంతకంటే పెద్ద ఇల్లు నా ఊహకు రాలేదు. అడ్రసంటే ఇల్లని, ఇల్లంటే మా ఇల్లని నా బుర్ర నాకు తెలియకుండానే అనేసుకుంది. ఎనిమిది పెట్టి నేను ఉదారంగా ఉన్నానని కూడా సంతోషించాను.

ఇక్కడ మా గోడ అవతలి సంగతి చెప్పాలి. మా ఇంటి పక్కనే ఆడపిల్లల హాస్టల్. నాలుగు అంతస్తులు, గదికి నలుగురు, అందరూ ఏదో ఒక ఉద్యోగ పరీక్షకు చదివేవాళ్లే. నడిపే ఆవిడను అందరూ అక్క అంటారు. నాకంటే పాతికేళ్లు చిన్నదైనా నేనూ అక్క అనే అంటాను. హాస్టల్ మొత్తానికీ ఒకటే నెట్ కనెక్షన్. ఒకసారి అది ఆగిపోతే నేను వెళ్లి బాగుచేశాను. స్విచ్ తీసి మళ్లీ వేశానన్నమాట. ఆ కృతజ్ఞతతో అక్క పాస్‌వర్డ్ నాకూ ఇచ్చింది. ఆనాటినుంచి హాస్టల్ వైఫై గోడ దాటి నా గదిలోకి వస్తోంది, నా పనంతా దాని మీదే.

ఆ హాస్టల్‌లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. పిల్ల అంటున్నాను గానీ ఇరవై ఎనిమిదేళ్లు. పొద్దున పూట అశోక్‌నగర్ చౌరస్తాలో జిరాక్స్ షాపులో పనిచేసి, మిగతా పొద్దంతా చదువుకునేది. డాబా మీద బట్టలు ఆరేస్తూ పిట్టగోడ మీంచి నాతో కబుర్లాడేది. నన్ను తాతా అని పిలిచి, నువ్వు అని, నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి మిగతా సగం నమ్మేది. మంచి పద్ధతి.

ఒకరోజు సెంటర్ యజమాని ప్రకటించాడు, వచ్చే ఆదివారం పరీక్షలో మొదటి ఇరవైమందికి ఆరు నెలలపాటు క్లాసులు, రీడింగ్ హాలు, ఉండటానికీ తినడానికీ అన్నీ ఉచితమని. ఆ సాయంత్రం ఆమె పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"తాతా, ఇంట్ల ఈ ఎండకాలం దాకనే అన్నరు. గా ఇరవై మందిల ఉంటే ఇంకో ఆర్నెల్లు ఉంట. లేకుంటే మా ఊరి బడిల వలంటీర్‌గ చేరిపోత."

"అదీ మంచి పనే కదమ్మా."

"మంచిదే. గానీ ఈసారి అయితది అనిపిస్తుంది. నాలుగేండ్ల సంది మొదటిసారి అనిపిస్తుంది." క్లిప్పు పళ్ల మధ్య పట్టుకుని తువ్వాలు దులిపింది. "నీ సర్వర్ మల్ల పడుకోదు కదా?"

"నా సర్వరా? బాంబులు వేసినా లేచి నిలబడుతుంది."

ఆదివారం పది గంటలకు పరీక్ష మొదలు. పది ఇరవై దాటితే కొత్తవాళ్లను రానివ్వరు. పావుతక్కువ పదికే నేను ఫిల్టర్ కాఫీతో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లోపల ఎంతమంది ఉన్నారో క్షణక్షణం చూపించే పేజీ ఒకటి నాకోసం రాసుకున్నాను. అంకె పెరగడం చూస్తుంటే ఎంత ముచ్చటగా ఉందంటే, ఇంకో కిటికీలో అదే అంకె గ్రాఫు, ఇంకోదాంట్లో జవాబుల వేగం, ఇలా ఐదు తెరిచాను. ఐదొందలు, ఎనిమిదొందలు, వెయ్యి, వెయ్యి ఇరవై నాలుగు దాటింది. లేచి నిలబడి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. ఇది నిజం, పెంచి చెప్పడం లేదు.

గోడ అవతల గోల మొదలైంది. మొదట పరీక్ష రోజు హడావుడి అనుకున్నాను. తలుపు దబదబా బాదారు. తీస్తే అక్క, వెనకాల ఆ జగిత్యాల పిల్ల, ఇంకో ఆరుగురు.

"సార్, ఏంది సార్ గిది? ఒక్కరికి ఓపెన్ అయితలేదు!"

"ముగ్గురికి అయింది అక్కా," అంది వెనకనుంచి ఎవరో.

"ముగ్గురికి అయింది, ముప్పై మందికి కాలే. జర చూడు సార్."

నేను తల తిప్పి స్క్రీన్ వైపు చూశాను. పదకొండు వందలు. "సర్వర్ బంగారంలా ఉంది. బయట వెయ్యిమంది రాస్తున్నారు. మీ రూటర్ పాతదైపోయింది అక్కా, అంతమంది బరువు మోయలేకపోతోంది."

జగిత్యాల పిల్ల ఫోన్ పట్టుకుని డాబా మీదికి పరుగెత్తింది. ఆ సందులో గదుల్లోకి ఫోన్ సిగ్నల్ రాదు, పైకి వెళితేనే. కొందరు రోడ్డు మీదికి పరుగెత్తారు. అక్కడ ఇద్దరికో ముగ్గురికో దొరికిందట. ఆమె ఫోన్‌లో పేజీ తెరుచుకునేసరికి పది ఇరవై రెండు. 'ప్రవేశ సమయం ముగిసింది' అని నేనే రాసిన వాక్యం, చక్కటి అక్షరాల్లో.

మధ్యాహ్నం భోంచేసి, గర్వంగా రికార్డు తెరిచాను. సర్వర్ తను చేసిన ప్రతి పనీ ఒక వరుసగా రాసిపెడుతుంది. తిరగ్గొట్టిన కనెక్షన్ల పేజీలో ఒకే అడ్రసు, కిందికి, ఇంకా కిందికి, నాలుగు వందల వరుసలు. ఎవరో దొంగవెధవ దాడి చేశాడు, నా నియమం కాపాడింది అనుకున్నాను. ఆ అడ్రసు నుంచి లోపలికి వచ్చిన ఎనిమిది ఎవరా అని చూశాను. మూడు పరీక్ష రాసిన పేర్లు. మిగతా ఐదు, నా ముచ్చట కిటికీలు.

నాలుగంతస్తులకు ఒకటే కనెక్షన్ అంటే బయటి ప్రపంచానికి ఆ నాలుగంతస్తులదీ ఒకటే అడ్రసు. ఆ నెట్ వాడుకునే నాదీ అదే అడ్రసు. ముప్పైమంది పిల్లల్ని ఎనిమిది కుర్చీలకు కుదించి, అందులో ఐదింటిలో నేనే కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఈ అడ్రసుల సంగతి నాకు తెలియనిది కాదు. ఆ రూటర్ పెట్టె మీద ఆ అడ్రసు రాసిన స్టిక్కర్ నా చేత్తో నేనే అంటించాను.

అప్పుడే లేచి వెళ్లి చెప్పానని రాయాలని ఉంది. వెళ్లలేదు. సోమవారం అక్క కోఠీ వెళ్లి కొత్త రూటర్ తెచ్చింది. "మీ డబ్బా వైఫై వల్లే పాయె" అని పిల్లలు ఆవిణ్ని అంటుంటే గోడ ఇవతల విన్నాను. కొత్తది బిగించడానికి నన్నే పిలిచింది. వెళ్లి బిగించాను. బిగించి, ఆవిడ ఇచ్చిన టీ కూడా తాగాను.

మంగళవారం సాయంత్రం జగిత్యాల పిల్ల వచ్చింది, పిట్టగోడ దగ్గరికి కాదు, గుమ్మంలోకి.

"తాతా, ఒక్క పని చేస్తవా?"

"చెప్పమ్మా."

"నీ సర్వర్‌ల అన్నీ రాసుంటయంట కదా. నేను పది గంటలకే వచ్చిన్నని, లోపలికి రాలేకపోయిన్నని. అది జర కాగితం మీద తీసియ్యి. సెంటర్ సార్‌కు చూపిస్త. అడిగి చూస్త."

"నీ పేరు లేదమ్మా అందులో."

"వచ్చిన కదా."

"వచ్చావు. మీ హాస్టల్ వాళ్లంతా కలిసి నాలుగు వందల సార్లు వచ్చారు. ఎవరెవరన్నది లేదు. పేరు అడగకముందే తలుపు వేసేశారు."

"ఎవలేసిండ్రు?"

"నేనే."

నియమం గురించి చెప్పాను. ఎనిమిది గురించి, అడ్రసు గురించి. ఆమె గుమ్మానికి ఆనుకుని విన్నది.

"రూటర్ అన్నవు మరి?"

"అబద్ధం చెప్పాను."

"ఆదివారమే చెప్తే ఆదివారమే సార్ దగ్గరికి పోయేటోళ్లం తాతా. రెండు దినాల సంది అక్క రూటర్‌నే తిట్టుకుంటున్న, ఖరాబైందని." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. "అక్కను ఎన్ని మాటలన్నరో తెలుసా?"

తెలుసు. ఐదు కిటికీల సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేదు. సగం నిజం చెబితేనే ఎంతో తేలికపడ్డాను, మిగతా సగం లోపలే ఉంచుకుందామనుకున్నాను.

మరునాడు ఇద్దరం నారాయణగూడ వెళ్లాం. యజమాని అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"సార్, ఆ పేపర్ బయటికొచ్చింది. మల్ల పెట్టాలంటే కొత్తది తయారు చెయ్యాలె. ఆ హాస్టల్‌కొక్కదానికే మల్ల పరీక్ష అంటే మిగిలినోళ్లు నన్ను తింటరు. నేను చెప్తే నమ్మరు. మీరు చెప్పుండ్రి, మైక్‌ల, అందరి ముంగట."

"తప్పకుండా," అన్నాను.

శనివారం క్లాసుకు హాలు నిండింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. హాస్టల్ పిల్లలు వెనక వరుసల్లో, వాళ్లతోపాటు అక్క. మైకు తీసుకుని మొదలుపెట్టాను.

"కొన్ని సాంకేతిక కారణాల వలన..."

"సార్, జర తెలుగుల చెప్పుండ్రి!" ముందు వరుసలోంచి ఒకడు. నవ్వులు.

"ఒక్క అడ్రసు నుంచి ఎనిమిది మందినే రానిచ్చేలా పెట్టాను. ఆ హాస్టల్‌కంతా ఒకటే అడ్రసని ఆలోచించలేదు. వాళ్ల తప్పు లేదు, వాళ్ల రూటర్ తప్పు లేదు. రూటర్ పాడైందని నేను అబద్ధం చెప్పాను."

"మరి ముగ్గురే రాసిండ్రంట గా హాస్టల్ల. ఎనిమిది మందన్నరు కదా సార్. తక్కిన ఐదుగురు ఎవలు?"

అడిగినవాడికి లెక్కల్లో మంచి మార్కులు వస్తాయని అప్పుడే అనుకున్నాను. మైకు పక్కకి జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాను.

"నేను. ఎంతమంది రాస్తున్నారో చూసుకుని మురిసిపోవడానికి ఐదు కిటికీలు తెరిచాను. వాళ్ల వైఫై మీదే."

"ఎనిమిదిల ఐదు మీవేనా?"

"నావే."

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులో అక్క నవ్వలేదు, జగిత్యాల పిల్ల నవ్వలేదు. నవ్వు తగ్గాక ఒక కుర్రాడు లేచి యజమానితో, "అన్నా, ఆళ్లకు చదువుకోనీకి వారం ఎక్కువ దొరికినట్టే కదా, గిది న్యాయమేనా?" అన్నాడు. అడగవలసిన మాటే. యజమాని తల గోక్కున్నాడు. అప్పుడు ఆమె వెనకనుంచి లేచింది.

"గట్టి పేపరే ఇయ్యుండ్రి సార్. మొదటిదానికన్న గట్టిది. గానీ ఇయ్యుండ్రి."

ఇచ్చారు. పది రోజుల తర్వాత అదే హాల్లో, కాగితం మీద, నా సర్వర్ జోలికి పోకుండా. మొదటి పరీక్షలో ఇరవయ్యో మనిషికి వచ్చినన్ని మార్కులు తెచ్చుకున్నవాళ్లను అదనంగా తీసుకుంటామన్నారు.

ఆ పిల్ల అందరికంటే ముందు నిలిచి, ఇవాళ ఏదో మండలంలో తహసీల్దారుగా సంతకాలు పెడుతోందని ఇక్కడ రాశాను. రాసి, కొట్టేశాను. హాస్టల్ నుంచి ఇద్దరు గట్టెక్కారు. ఆమెకు మూడు మార్కులు తగ్గాయి.

ఆ ఆదివారమే రాసి ఉంటే వచ్చేదా? ఆ పేపరు తర్వాత తన గదిలో కూర్చుని గడియారం పెట్టుకుని రాసి చూసుకుందట. ఎన్ని వచ్చాయని అడిగితే చెప్పలేదు. రెండోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఈ ఒక్కదాంట్లో నేను పెంచడానికీ దించడానికీ అంకె లేదు.

ఊరికి వెళ్లే రోజు మధ్యాహ్నం చెప్పిపోదామని వచ్చింది. భుజాన ఒక సంచి, చేతిలో ఇంకోటి. నేను సర్వర్‌ను తిరగరాస్తున్నాను. అడ్రసుకు ఇన్ని అనే నియమం తీసేసి, మనిషికి ఒకటి అని పెడుతున్నాను. చోటు లేనప్పుడు తలుపు మూయకుండా, ముందు పేరు తీసుకుని వరుసలో నిలబెట్టే పద్ధతి. వరుసలో ఉన్నవాళ్లకు కనిపించే వాక్యం ఆమెకు చూపించాను. 'సర్వర్ గరిష్ఠ సామర్థ్యమునకు చేరుకున్నందున దయచేసి కొంతసేపటి తరువాత ప్రయత్నించగలరు.'

"తాతా, గిది నాకు కనిపిస్తే ఫోన్ గోడకేసి కొడ్త."

"మరేం రాయమంటావ్?"

సంచి కింద పెట్టింది. "ఆ రోజు నాకేం తెల్వాలెనో అది రాయి. నేనొచ్చిన్నని నీకు తెలుసా, తెల్వదా? నా ముంగట ఎంతమంది ఉన్నరు? నా టైం పోతుందా, ఉందా? గంతే."

ఆమె చెబుతుంటే టైపు చేశాను. 'మీ పేరు రాసుకున్నం. మీ ముంగట ఇంతమంది ఉన్నరు. మీ టైం ఇంక షురూ కాలే.'

వంగి చదువుకుంది. చివరి మాట మీద వేలు పెట్టింది.

"నిజంగనే షురూ కాదా? లోపలికి పోయినంకనే కదా?"

"లోపలికి వెళ్లాకే," అన్నాను.

"ఊర్లకెంచి రాస్త మరి, ఆదివారం." సంచి ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

అప్పటికి నా ప్రోగ్రాములో గడియారం అందరికీ పది గంటలకే మొదలయ్యేది, లోపల ఉన్నా బయట ఉన్నా. ఆమె బస్సు కరీంనగర్ చేరేలోపు ఆ మాట నిజం చేసెయ్యాలని కూర్చున్నాను. బస్సు జగిత్యాల కూడా చేరిపోయి ఉంటుంది. నాకు నాలుగు రోజులు పట్టింది, శనివారం సాయంత్రానికి అయింది.